చింపితే తెలిసే తాళం

అనకాపల్లిలో శుభలేఖలు వేసే ప్రెస్సు ఒకటి. ముహూర్తాల పని ముగిసి మిషను చల్లబడిన సాయంత్రం. యజమాని కటింగ్ బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. వచ్చే వారం ఆయన మేనకోడలికి పదకొండు నిండుతాయి. ఆ పిల్ల తల్లి, అంటే ఈయన చెల్లెలు, హైస్కూల్లో లెక్కల టీచరు. స్కూలు నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. గొడవ పెట్టుకోవాలనే వచ్చినట్టుంది. ప్రూఫు దిద్దుకుంటూ మూల బెంచీ మీద ఉన్న నన్ను ఇద్దరూ పట్టించుకోలేదు. అది నా అదృష్టం. మూడో మనిషి ఉన్నాడని గుర్తుంటే అన్నాచెల్లెళ్లు ఇంత తీరుబడిగా పోట్లాడుకోరు.

చెల్లెలు: అన్నయ్యా, పాప పుట్టినరోజుకి కాగితంతో ఏదో చేస్తున్నావని వదిన ఫోన్ చేసింది. నిజమేనా?

అన్న: నిజమే. ఏటే, అంత గాభరా పడిపోతన్నావు?

చెల్లెలు: రోజూ ఏడో తరగతితో వేగేదాన్ని, నాకు తెలుసు కాబట్టి. అయిదేళ్ల పిల్లకి కాగితం పడవ చేసిస్తే ఊరంతా చూపించుకుంటుంది. పదకొండేళ్ల పిల్ల ముందు చుట్టూ ఎవరున్నారో చూసుకుంటుంది. స్నేహితురాళ్లు ఉన్నారో, నీ కాగితం బ్యాగులో అడుగుకి పోతుంది. ‘మీ మావయ్య కొనలేదా?’ అని ఒక్కర్తి అన్నా చాలు, రాత్రికి అన్నం తినదు.

అన్న: కొననని ఎవడన్నాడు? కొనడం నాకేం కష్టం?

చెల్లెలు: మరి కొను. పేరేసిన వాటర్ బాటిలు, ఫొటో వేసిన కప్పు, దిండు, తాళంచెవి గొలుసు... ఇప్పుడు ప్రతి వీధిలోనూ చేస్తున్నారు. ఉదయం ఫొటో పంపితే సాయంత్రానికి ఇస్తారు. అందరూ ఇస్తున్నది అదే. అందరిలాగా ఉండడం ఆ వయసుకి ఎంత ముఖ్యమో నీకు తెలీదు.

అన్న: పేరెయ్యడం సంగతి నాకు చెప్పకు. ఇరవయ్యేళ్లుగా నా బతుకే అది. వధువు పేరు, వరుడి పేరు, కల్యాణ మండపం, టైము మారుస్తాను. మిగతా మేటరు అలాగే ఉంటాది. వినాయకుడి బ్లాకు కూడా అదే. ఆ కార్డు చేతికొచ్చినోడు తన కోసమే చేసినట్టు మురిసిపోతాడు, నేను మాత్రం నవ్వుకుంటాను. మేనకోడలి పేరు కప్పు మీదేసిచ్చి ‘నీ కోసమే’ అంటే నాకే నవ్వొచ్చీస్తాది.

చెల్లెలు: పోనీ, చేతిపనే కావాలనుకుంటే ఏటికొప్పాక బొమ్మ తీసుకో. మన జిల్లా సరుకే.

అన్న: ఏటికొప్పాకని తక్కువ చేయను.

చెల్లెలు: ఎలా చేస్తావు? 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆకులూ గింజలూ బెరళ్లతో చేసే పాత రంగుల్ని మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో రాష్ట్రం శకటం మీద ఆ బొమ్మలే ఢిల్లీలో ఊరేగాయి. నీ కాగితం ఏ ఊరు ఊరేగుతుంది?

అన్న: ఎక్కడా ఊరేగదు. ఊరేగకపోవడమే దాని గొప్ప. అంకుడు కర్ర తరిణి మీద తిరుగుతుంటే లక్క ఆనిస్తారు. ఆ రాపిడికి లక్క కరిగి కర్రకి పట్టీస్తాది. అలా ఓసారి పట్టిందా, తర్వాత మార్చలేవు. పాపకి మూడేళ్లప్పుడు లక్కపిడతలు కొన్నది నేనే గదా. బుజ్జి పొయ్యి, బుజ్జి రోలు, బుజ్జి తిరగలి. ఇప్పుడేవి?

చెల్లెలు: అటక మీద, అట్టపెట్టెలో.

అన్న: బొమ్మ అలాగే ఉంది, పిల్ల మారిపోయింది. ఈ వయసు పిల్లలు దసరాకి ఒకలాగుంటే సంక్రాంతికి ఇంకోలాగుంటారు. రెండు నెలలకి పాతబడిపోయే మనిషికి వందేళ్లుండే బొమ్మ ఎందుకు? పాతబడితే పారేసుకోగలిగింది ఇవ్వాల. దానికి కాగితాన్ని మించింది లేదు.

(ఈ మాటకి ఆవిడ దగ్గర సమాధానం లేదనుకున్నాను. లెక్కల టీచరుని తక్కువ అంచనా వేశాను.)

చెల్లెలు: బాగుంది. అయితే ఇప్పుడున్న పాప నీకు తెలుసన్నమాట. చూపించు, ఏం చేశావో.

అన్న: ఇంకా డమ్మీయే. ఇది ఏ3 షీటు, 120 జీఎస్ఎం మ్యాప్‌లితో. పొడుగునా ఒక మడత, అడ్డంగా మూడు మడతలు. ఎనిమిది గళ్లొచ్చాయా?

చెల్లెలు: ఒక్కో గడి ఏ6. 105 బై 148 మిల్లీమీటర్లు.

అన్న: అంత తొందరగా ఎలా చెప్పీగలవే?

చెల్లెలు: ఏ సైజు కాగితమైనా పొడుగు, వెడల్పుకి రూట్ రెండు రెట్లు. సగానికి మడిచినా ఆకారం మారదు. మూడుసార్లు సగం చేస్తే ఏ3 ఏ6 అవుతుంది. కానీ, తర్వాత?

అన్న: నడిమధ్య పొడుగు మడత ఉంది గదా, దాని మీద మధ్య రెండు గళ్ల మేర కత్తిరిస్తాను. చివర్లు కొయ్యను. ఇప్పుడు పొడుగునా మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి నెడితే మధ్యలో నోరు తెరుచుకుని నాలుగు రెక్కలొస్తాయి. రెక్కలన్నీ ఒక పక్కకి తిప్పి మూసేస్తే ఎనిమిది పేజీల పుస్తకం. కుట్టు లేదు, సెంటర్ పిన్ను లేదు, చుక్క జిగురు లేదు. గ్రెయిన్ మాత్రం చూసుకోవాల. గ్రెయిన్ వెంట మడిస్తే గీత గీసినట్టొస్తాది. అడ్డంగా మడిస్తే అంచు లేచి పోగులు బయటపడతాయి. ఇందులో రెండు పక్కలకీ మడతలున్నాయి గాబట్టి పేజీలు తిరిగే మడతకి గ్రెయిన్ ఇస్తాను. రెండో పక్కకి సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందే గీటు పెడతాను.

చెల్లెలు: సరే, పుస్తకం. అందులో ఏం వేశావు?

అన్న: రైళ్లు! పేజీకో రైలు. రత్నాచల్, జన్మభూమి, విశాఖ... మన స్టేషన్ గోడ మీద కూర్చుని బోర్డు చదవకముందే పేరు చెప్పీసేది గదా. ప్రతి పేజీకీ కిటికీ కోసి, కిటికీలోంచి తర్వాతి పేజీ కనపడేలాగ...

చెల్లెలు: అన్నయ్యా, రైళ్లు మానేసింది.

అన్న: మానీసిందా? ఎప్పుడు?

చెల్లెలు: ఏడాది దాటింది. ఇప్పుడు బ్యాడ్మింటన్. అది కూడా వేసవిదాకా నిలుస్తుందో లేదో. పచ్చరంగంటే ప్రాణం పెట్టేది, ఇప్పుడు అన్నీ నలుపే కావాలి. పేరు చివర ఇంగ్లీషులో ఒక అక్షరం పెంచుకుని రాస్తోంది, ఎందుకో చెప్పదు. నువ్వు చేసింది తొమ్మిదేళ్ల పిల్లకి పుస్తకం. అది ఇప్పుడు మా ఇంట్లో లేదు.

(ఆయన డమ్మీని ఒకసారి తెరిచి మూసి పక్కన పెట్టాడు. చేతితో చేసిన కానుకకు ఇదే పెద్ద ప్రమాదం. కొన్న కప్పు మీద పేరు తప్పుంటే తప్పు కొట్టువాడిది. చేసిన పుస్తకంలో పిల్ల తప్పుంటే, మావయ్యకి తను తెలియదని ఎనిమిది పేజీల రుజువు ఆ పిల్ల చేతిలో పెట్టినట్టే. చెయ్యడం వేరు, ఎరగడం వేరు. ఈ రెంటినీ కలిపేసే వాళ్లే ఎక్కువ.)

అన్న: అయితే రైళ్లు తీసీసి బ్యాడ్మింటన్ వేస్తాను.

చెల్లెలు: వేసవికి మళ్లీ మారుస్తావా? ఆన్ ఫ్రాంక్ డైరీ సంగతి నీకు తెలుసుగా. 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకి ఇచ్చారు. పుట్టినరోజుకి ఇచ్చిన కాగితాల్లో ప్రపంచమంతా ఎరిగింది అదొక్కటే. దాన్ని ఎవరూ చేతితో చెయ్యలేదు. ఎర్ర గళ్ల అట్ట ఆటోగ్రాఫ్ పుస్తకం, కొట్లో ఆ పిల్ల తనే చూసి ఎంచుకుంది, నాన్న కొన్నాడు. అంతే. బొమ్మలు అంటించలేదు, కిటికీలు కొయ్యలేదు.

అన్న: పేజీల్లో ఏటుంది?

చెల్లెలు: ఏమీ లేదు. ఖాళీ పుస్తకం కదా.

అన్న: అదీ మాట! అంటే మనం ఒప్పుకున్నట్టే. అచ్చుపని మానీసి ఖాళీగా ఇవ్వమంటావు.

చెల్లెలు: నేను ఒప్పుకోలేదు. ఖాళీ పుస్తకమైతే కొట్లో దొరుకుతుంది అంటున్నాను. ఇంకా నయం, నాన్న చెరకు సంగతి ఎత్తలేదు.

అన్న: ఎత్తుదామనే అనుకున్నాను. తమిళనాడులో కరూర్ దగ్గర కాగితపురం అని ఊరుంది. టీఎన్‌పీఎల్ వాళ్ల మిల్లు. చెరకు పిప్పితో కాగితం చేస్తారు. ఇదిగో, ఈ రీము అక్కడిదే. మన దగ్గర గానుగాడేసిన పిప్పి ఎండబెట్టి బెల్లం పొయ్యిలోకి తోసేస్తాం. అక్కడ అదే పుస్తకం అవుతోంది. చెరకు రైతు మనవరాలికి చెరకు కాగితం మీద...

చెల్లెలు: అది నీ ముచ్చట. దానికి తాతయ్య అంటే ఇష్టం, చెరకంటే తెలీదు. అట్ట లోపల చిన్నక్షరాలతో ఒక్క ముక్క రాసి ఊరుకో. కావాలంటే చదువుకుంటుంది. పిల్ల కానుకలో మన జ్ఞాపకాలు కూరడం కూడా పేరెయ్యడం లాంటిదే. మేటరు మనది, పేరు దానిది.

(నాకు ఆవిడ వైపు ఒరగాలనిపించింది. ఆయనకీ అనిపించిందేమో, కాసేపు కత్తెరకి నూనె రాస్తూ కూర్చున్నాడు. వాదన ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలుది అప్పుడే మొదలైంది.)

అన్న: ఈ ఖాళీ పుస్తకం కొట్లో దొరకదు. చెప్పనా ఎందుకో? నేను షీటుకి ఒక పక్కనే అచ్చేస్తాను. మడిచాక పేజీలన్నీ ఆ పక్కనే పడతాయి. రెండో పక్క ఏమైంది?

చెల్లెలు: లోపలికి పోయింది.

అన్న: షీటంత పెద్ద పేజీ పుస్తకం లోపల దాక్కుంది. బయటికి ఎనిమిది పేజీలే కనపడతాయి. మడత విప్పి పరిస్తేగాని ఆ పేజీ ఉందని ఎవరికీ తెలీదు. పిల్లకి మాత్రం చెప్తాను.

చెల్లెలు: దేనికి అది?

అన్న: నాకేం తెలుసు దేనికో. దానిష్టం.

చెల్లెలు: అంటే నా కూతురు నా దగ్గర దాచుకోవడానికి నువ్వు చోటు చేసి పెడతావా?

అన్న: దానికి చోటు లేదనుకున్నావా? ఎక్కడో ఉంటాది.

చెల్లెలు: ఉంది. పోయిన నెల ఫీజు రశీదు కోసం దాని పుస్తకాలు వెతుకుతుంటే రఫ్ నోట్సులోంచి చీటీ ఒకటి పడింది. మడిచి మడిచి గోరంత చేసింది.

అన్న: చదివీసావా?

చెల్లెలు: ...మా క్లాసులో చీటీలు మడవడంలో మూడు రకాలున్నాయి. నేను పట్టుకున్నవే గంపెడు. ఇలా ఇవ్వు కాగితం. నిలువునా నాలుగు మడతలు పెట్టి పట్టీ చేస్తారు. రెండు కొసలూ ఎదురెదురు వైపులకి మూలగా తిప్పి ఒకదాన్ని ఇంకోదానిలో దోపుతారు. చూశావా, జిగురు లేకుండా బిగిసిపోయింది. పైన బాణం గుర్తు వేస్తే ఎక్కడ లాగాలో స్నేహితురాలికి తెలుస్తుంది. బాణం అబద్ధమైతే అది మామీద పన్నిన ఉచ్చు. టీచరు అక్కడ లాగితే చిరుగుతుంది.

అన్న: నా ప్రెస్సులో ఇలాటి మడత ఎవడికీ రాదు. నేర్పింది ఎవరే?

చెల్లెలు: ఎవరూ నేర్పరు. ఆ వయసు రాగానే వచ్చేస్తుంది. నా భయమే అది. లోకం బాగోలేదు. ఎవరు ఏం రాస్తున్నారో, ఏ ఫోన్‌లో ఏం వస్తోందో తల్లి చూసుకోవద్దా? నేను చూస్తాను. చూస్తానని దానికీ తెలుసు. ఇప్పుడు నువ్వు తాళం ఇస్తానంటే ఎలా?

అన్న: మన చిన్నప్పుడు నాన్నకి ఇన్‌లాండ్ లెటర్లు వచ్చేవి, గుర్తుందా? నీలం కాగితం. ఉత్తరమూ అదే, కవరూ అదే. మూడు మడతలు, అంచుకి జిగురు. విప్పేటప్పుడు ఎప్పుడూ ఒక ముక్క చిరిగి ఆ అక్షరాలు దాంతో పోయేవి.

చెల్లెలు: అమ్మ హెయిర్‌పిన్ను పెట్టి విప్పేది.

అన్న: విప్పినా తెలిసిపోయేది గదా. కవర్లు అలవాటు కాకముందు లోకమంతా అలాగే. ఉత్తరాన్ని దానితోనే కట్టేసేవారు. స్కాట్లాండ్ రాణి మేరీ ఉంది, 1587 ఫిబ్రవరి 8న తల తీసే ముందు మరిదికి, ఫ్రాన్సు రాజుకి, ఆఖరి ఉత్తరం రాసింది. రాసిన కాగితం అంచునే సన్నటి పట్టీలా కోసి, మడిచిన ఉత్తరానికి బెజ్జం పెట్టి, అందులోంచి పట్టీని దూరుస్తూ మెలికలు తిప్పి బిగించింది. ఆ పట్టీ తెగకుండా ఉత్తరం తెరుచుకోదు. నేను వీడియో చూసి నాలుగు శుభలేఖలు పాడుచేశాను, అయిదోది కుదిరింది. ఇదిగో.

చెల్లెలు: ఇది తాళమా? రెండు వేళ్లతో లాగితే తెగిపోతుంది.

అన్న: అందుకే ఇస్తానంటున్నాను. ఇది ఎవర్నీ ఆపదు. నువ్వు చదవాలనుకుంటే ఒక్క సెకను పని. అవసరమైన రోజు వస్తే చింపు, తల్లివి, చింపాల్సిందే. కాకపోతే చింపినట్టు దానికి తెలుస్తాది. నీకూ తెలుస్తాది. ఫోన్‌లో నువ్వు చూసినట్టు ఎక్కడా గీత పడదు.

చెల్లెలు: చూస్తానని దానికి చెప్పే చూస్తున్నాను.

అన్న: చీటీ సంగతి చెప్పావా?

(మిషను దగ్గర కుర్రాడు ఇంక్ ట్రే కడుగుతున్న చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. ఆవిడ ఆ పట్టీ తాళాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది. లెక్కలో ఎక్కడ తప్పుపోయిందో వెతుకుతున్న మొహం.)

చెల్లెలు: పుస్తకానికి అట్ట అంటించడానికి జిగురు ఏం వాడతావు?

అన్న: మైదా ఉడకబెట్టింది. బైండింగుకి వాడే దాన్లో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతాం. ఇందులో కలపలేదు. అది విషం, పిల్లలు పట్టుకునే దాన్లో ఉండకూడదు. పల్చగా రాసి రాత్రంతా బరువు కింద పెట్టాలి, లేపోతే కాగితం అలలు తేలిపోద్ది.

చెల్లెలు: మెరుపుల పొడి చల్లకు. మా స్టాఫ్ రూమ్‌లో సంవత్సరం కింద చల్లింది ఇంకా నా చీరకి అంటుకుంటోంది.

అన్న: చల్లను.

చెల్లెలు: నల్ల అట్ట వెయ్యి. పైన పేరు వద్దు.

అన్న: మళ్లీ ఇదేటి? పుట్టినరోజు కానుక మీద పేరు లేకపోతే ఎలాగ?

చెల్లెలు: ఆధార్‌లో ఉన్నట్టు వేస్తే దానికి నచ్చదు. అది రాసుకుంటున్నట్టు వేస్తే నాకు నచ్చదు. చోటు వదిలెయ్, అదే రాసుకుంటుంది. ఇంకో మాట. రాకెట్ నేను కొంటున్నాను, స్నేహితురాళ్ల ముందు అదే ఇస్తాం. ఇది అందరూ వెళ్లిపోయాక ఇయ్యి.

అన్న: అందరూ వెళ్లాకా? అంటే నా కానుక దొంగసరుకా?

చెల్లెలు: నలుగురి ముందు ఇస్తే అది నీ కానుక అవుతుంది. అందరూ చప్పట్లు కొడతారు, ‘మావయ్యే చేశాడట’ అంటారు, నువ్వు మీసం తిప్పుకుంటావు. లోపలి పేజీ సంగతి నలుగురికీ తెలిసిపోతే ఇక అది లోపలి పేజీ ఎలా అవుతుంది?

(ఆయన మీసం మీద చెయ్యి నిజంగానే ఉంది. తీసేశాడు.)

అన్న: సరేలే. నువ్వేమైనా రాసి లోపల పెడతావా? ఒక గడి నీకు వదులుతాను.

చెల్లెలు: వద్దు. నేను రాస్తే సలహాలు రాస్తాను. నా సంగతి నాకు తెలీదా? మంచినీళ్లు తాగు, స్క్రీను తగ్గించు అని. ఖాళీగానే ఉండనీ.

అన్న: అయితే ఈ రాత్రికే కోసీస్తాను. నలుపు ఐవరీ బోర్డు 300 జీఎస్ఎం ముక్కలున్నాయి, మొన్న ఎవరిదో రిసెప్షన్ కార్డు పనిలో మిగిలినవి.

చెల్లెలు: ఆగు. ఈ తాళం ఒక్కసారికే కదా. అది రోజూ రాసుకుంటే రోజూ చింపుకోవాలి. మర్నాటికి?

అన్న: ఆ మాటకొస్తే నిజమే. పట్టీలు విడిగా కోసిస్తాను. నా దగ్గర కటింగ్ అంచులకి లోటేటి? పది చాలా?

చెల్లెలు: యాభై కొయ్యి. లెక్కపెట్టి ఇయ్యి, ఎన్ని ఇచ్చావో అట్ట లోపల రాసిపెట్టు. నేనొకటి వాడినా దానికి లెక్క దొరకాలి.